ఇల్లు మనది, నేల వాళ్ళది

పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా డోరతీ ఫోన్ చేసింది. డోరతీ ఎనభై దాటిన అమెరికన్ ముసలావిడ. ఒకప్పుడు మా ఎదురింట్లో ఉండేది, ఇప్పుడు మోడెస్టోలో ఉంటోంది. నాకు ఎప్పుడూ ఫోన్ చేసే మనిషి కాదు. మీటింగ్ లోంచి లేచి బయటికొచ్చి తీశాను.

"మూడింటికి చేశాను, ఎత్తలేదు. మూడుంపావుకి చేశాను, ఎత్తలేదు" అంది. మా ఆంటీ ఉంటున్న బిల్డింగ్ మేనేజర్‌కి తనే ఫోన్ చేసి తలుపు తీయించిందట. ఆంటీ కిటికీ పక్కన కుర్చీలో కూర్చునే ఉన్నారట, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని.

మా ఆంటీ అని రాస్తున్నాను కానీ ఆవిడ నాకు ఏ వైపు నుంచీ బంధువు కాదు. ఆవిడది నరసాపురం, మాది ఖమ్మం. ఆవిడ ఆదివారం తెలుగు చర్చికి వెళ్ళేవారు, మేం పండగలకి గుడికి వెళ్ళేవాళ్ళం. ఏడేళ్ళు పక్కపక్క ఇళ్ళలో ఉన్నాం, అంతే. ఆవిడ పోయాక చర్చిలో పెట్టిన ప్రార్థన రోజున పాస్టరుగారు నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను గాని నోరు పెగల్లేదు. ఆ రోజు చెప్పలేకపోయినవి ఇక్కడ చెబుతున్నాను.

మేం ఉన్నది ఒక మొబైల్ హోమ్ పార్క్‌లో. పార్క్ అంటే చెట్లూ బెంచీలూ ఉండేది కాదు. ఫ్యాక్టరీలో తయారుచేసి లారీల మీద తెచ్చి దింపిన ఇళ్ళ కాలనీ. శాంటా క్లారాకి పది నిమిషాల దూరం. నేను ఎమ్మెస్ చదవడానికి వచ్చి, ఉద్యోగం దొరికి, పెళ్ళయి, పాప పుట్టేసరికి అక్కడి అపార్ట్‌మెంట్ అద్దెలు మాకు అందనంత పైకి వెళ్ళిపోయాయి. మామూలు ఇల్లు కొనడం కలలో మాట. అప్పుడు మా ఆయన పేపర్లో ఈ పార్క్ ప్రకటన చూసి నన్ను లాక్కెళ్ళాడు.

ఆ ఇంటి మెట్ల మీద నిలబడి ఇద్దరం దెబ్బలాడుకున్నాం. తెలుగులోనే కదా, ఎవరికి అర్థమవుతుందని గొంతు తగ్గించలేదు.

"ఇది ఇల్లా, డబ్బానా?" అన్నాను నేను.

"డబ్బా అయితేంది, మనదైతది గదా" అన్నాడు మా ఆయన.

పక్కింటి కిటికీ తలుపు పక్కకి జరిగింది. "వంటింటి మీద కప్పు కారుతుందండీ. చెప్పలేదా వాళ్ళు?" అని ఒక గొంతు, అచ్చమైన గోదావరి తెలుగులో.

ఇద్దరం బిక్కచచ్చిపోయాం. ఆవిడ బయటికి వచ్చారు. పొట్టి మనిషి. నూలు చీర, దాని మీద స్వెట్టరు, కాళ్ళకి తెల్లటి బూట్లు. చేతి గడియారం మణికట్టు లోపలి వైపుకి తిప్పి పెట్టుకుని ఉన్నారు. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన అలవాటట అది. మమ్మల్ని వెంట తిప్పుకుని ఇల్లంతా ఆవిడే చూపించారు. ఎక్కడ నేల మెత్తబడిందో బూటుతో తొక్కి మరీ చెప్పారు. చివరికి మెట్ల మీద కూర్చుని, "కొనొద్దని అనను. నేను కొనుక్కోలేదూ? కానీ ఒక్క సంగతి తెలుసుకుని కొనండి. ఇక్కడ ఇల్లు మనది, నేల వాళ్ళది. వాళ్ళకి నేల కావాల్సొచ్చిన రోజున ఈ ఇల్లు ఎత్తుకెళ్ళాలి" అన్నారు.

"మొబైల్ హోమే కదా ఆంటీ, ఎత్తుకపోవచ్చు" అన్నాడు మా ఆయన.

"పేరుకేనయ్యా మొబైల్. నా ఇల్లు ముప్పై ఏళ్ళుగా అంగుళం కదల్లేదు. కదిపితే అట్టపెట్టెలా విడిపోతుంది" అన్నారు.

మేం కొన్నాం. ఆ చలికాలమే వంటింటి కప్పు కారింది. ఆవిడ రెండు బకెట్లు తెచ్చిచ్చారు, నేను చెప్పాను కదా అన్న మాట మాత్రం అనలేదు.

బకెట్లు ఆవిడ దగ్గర చాలా ఉండేవి. గోంగూర, తోటకూర, మిరప అన్నీ బకెట్లలోనే. చుట్టూ మట్టి ఉండగా బకెట్లెందుకని అడిగితే, "ఆ మట్టి అద్దెది. ఈ మట్టి నాది" అని నవ్వారు. శనివారం ఉదయం వరండాలో కుర్చీ వేసుకుని పార్క్‌లో ముసలివాళ్ళందరికీ బీపీ చూసేవారు. మెక్సికో వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, మా వెనక వరుసలోని వియత్నాం తాతగారు, అందరూ చేతులు చాపుకుని వరసగా కూర్చునేవారు. ఒక్కొక్కరిదీ స్పైరల్ నోట్‌బుక్‌లో తేదీ, టైము వేసి రాసేవారు. మా పాప ఆవిడని బీపీ అమ్మమ్మ అనేది. ఆ పిల్ల మాట్లాడే అమెరికా తెలుగుని ఆవిడ ఎప్పుడూ వెక్కిరించలేదు. "బీపీ అమ్మమ్మ, మీరు ఇంటికి రా" అంటే, "వస్తున్నానండీ" అని ఎంతో మర్యాదగా జవాబిచ్చేవారు.

మూడింటికి మాత్రం ఎవరు వచ్చినా సరే లేచిపోయేవారు. అది డోరతీతో టీ తాగే వేళ. డోరతీ ఒకప్పుడు స్కూల్ బస్సు నడిపేది. ఇద్దరికీ ముందూ వెనకా ఎవరూ లేరు. ఆంటీకి పిల్లల్లేరు, భర్త పోయి చాలా కాలమైంది. డోరతీకి మోడెస్టోలో ఒక మేనకోడలు ఉందంటే ఉంది. ఇద్దరూ కూర్చుని టీవీలో పోటీల కార్యక్రమం చూస్తూ జవాబుల కోసం కీచులాడుకునేవారు. ఆ కీచులాట మా ఇంట్లోకి వినపడేది. వినపడకపోతే నేను వెళ్ళి చూసేదాన్ని.

దేశమంతా ఉద్యోగాలు పోయిన ఆ గడ్డు రోజుల్లో మా ఆయన ఉద్యోగం కూడా పోయింది. ఎలాగో ఒక కాంట్రాక్ట్ దొరికి వీసా నిలబెట్టుకున్నాం. ఊపిరి పీల్చుకున్నాం అనుకునేసరికి, ఒక వసంతకాలంలో ప్రతి ఇంటికీ రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. యజమాని పార్క్ మూసేసి, నేల అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళకి ఇవ్వాలనుకుంటున్నాడని దాని సారాంశం.

మర్నాటి నుంచే పార్క్ మేనేజర్ ఒక కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. ఇప్పుడే సంతకం పెట్టి రెండు నెలల్లో ఖాళీ చేస్తే యజమాని కొంత డబ్బు ఇస్తాడు, ఆగితే చివరికి అది కూడా రాకపోవచ్చు. అదీ అతను చెప్పే మాట. ఆ కొంత ఎంత కొంచెమంటే, దాంతో ఆ ఊళ్ళో నాలుగైదు నెలలు అద్దె కట్టడం కూడా కష్టం.

ఆంటీ ఆ కాగితం చదివి వెనక్కిచ్చేశారు. ఇంటింటికీ వెళ్ళి, "పెట్టకండి. ముందు ఏమిటో కనుక్కుందాం" అని చెప్పి వచ్చారు. కానీ రెండో రోజే డోరతీ పెట్టేసింది.

ఆ సంగతి తెలిసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆంటీ వీధి దాటి డోరతీ గుమ్మం ముందు నిలబడ్డారు. "రెండు రోజులు ఆగలేకపోయావా? నీలాంటి పిరికివాళ్ళ వల్లే వాళ్ళకి ఇంత ధైర్యం" అన్నారు ఇంగ్లీషులో. డోరతీ మెల్లగా తలుపు వేసుకుంది. ఆ తర్వాత వాళ్ళింట్లోంచి టీవీ చప్పుడు వినపడలేదు. కొన్ని వారాల తర్వాత మేనకోడలు వ్యాను తెచ్చి సామాను ఎక్కించుకుంది. ఆంటీ బయటికి రాలేదు. ఆవిడ కిటికీ పరదా ఒకసారి కదలడం మాత్రం నేను చూశాను.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. డోరతీ సంతకం పెట్టిన మర్నాడు మేనేజర్ మా ఇంటికి వచ్చాడు. మా ఆయన ఆఫీసుకి వెళ్ళాడు. పాపకి జ్వరం, చంకలో ఉంది. అతను ఎంతో మర్యాదగా, "మీరు వీసా మీద ఉన్నారు కదా? ఇలాంటి గొడవల్లో పేరు ఉండటం మీకు మంచిదేనా?" అని అడిగాడు. అతను బెదిరించాడని ఈ రోజుకీ చెప్పలేను. అడిగాడు, అంతే. నేను పాపని ఇంకో చంకలోకి మార్చుకుని సంతకం పెట్టాను. సాయంత్రం మా ఆయనకి చెబితే, "పోనీలే, పీడ పోయింది" అన్నాడు. పక్కింట్లో ఆవిడకి మాత్రం చెప్పలేదు. డోరతీని అన్న మాట నా చెవిలోనే ఉంది.

డోరతీ వెళ్ళిపోయిన వారానికి ఆంటీ వచ్చి, "అమ్మాయ్, నన్ను సిటీ హాల్‌కి తీసుకెళ్తావా?" అని అడిగారు. కంటి ఆపరేషన్ అయ్యాక ఆవిడ కారు నడపడం మానేశారు. సంతకం పెట్టిన దాన్ని, సరేనన్నాను.

కౌంటర్‌లో ఉన్న ఒక నడివయసు ఆవిడ మా మాట విని, లోపలికి వెళ్ళి కొన్ని కాగితాలు ప్రింట్ తీసి తెచ్చింది. పార్కులు మూసేటప్పుడు అందులో ఉన్నవాళ్ళకి ఏం చెయ్యాలో చెప్పే ఆర్డినెన్స్, అంటే సిటీ తనకు తాను రాసుకున్న చట్టం. అలాంటిది ఒకటి ఉందని మాలో ఎవరికీ తెలియదు.

"ఇది ఎవరు రాశారు?" అని అడిగారు ఆంటీ.

"చాలా ఏళ్ళ కిందట ఇంకో పార్క్ మూసేశారండీ. అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి ఇక్కడికి వచ్చి అడగ్గా అడగ్గా కౌన్సిల్ పాస్ చేసింది. వాళ్ళ పార్క్‌కి మాత్రం ఇది పనికి రాలేదు. అప్పటికే మూసేశారు" అంది ఆవిడ.

కారులో ఆంటీ ఆ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క పేజీ తిప్పారు. "మన పేర్లు కూడా తెలియని వాళ్ళు మనకోసం చేసిపోయారమ్మా" అన్నారు చివరికి.

నాలుగు రోజులు చదివారు. తెలియని మాటల కింద పెన్సిల్ గీతలు, పక్కన తెలుగులో అర్థాలు. అయిదో రోజు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. పార్క్ మూసే ముందు యజమాని ఒక రిపోర్ట్ తయారుచేయించాలి. ఏ ఇంట్లో ఎవరున్నారు, వయసెంత, జబ్బులేమిటి, ఆ ఇంటిని కదపొచ్చా, కదిపితే పెట్టడానికి దగ్గర్లో వేరే పార్క్‌లో చోటుందా, కదపలేకపోతే దాని విలువెంత, ఇవన్నీ అందులో ఉండాలి. ఆ రిపోర్ట్ మాకందరికీ ఇవ్వాలి. కౌన్సిల్ ముందు విచారణ జరగాలి. వాళ్ళు ఏ షరతులు పెడితే అవి తీర్చాకే మూయాలి. అంతవరకూ ఎవరూ కదలక్కర్లేదు.

"ఇంకో మాట ఉంది" అంటూ ఆవిడ ఒక పేరా దగ్గర వేలు పెట్టి ఆగారు. నోటీసు వచ్చిన రోజున పార్క్‌లో ఉన్నవాళ్ళందరూ లెక్కలోకి వస్తారు. ఈ హక్కులు వదులుకుంటున్నామని కౌన్సిల్ తీర్పుకి ముందు ఎవరు సంతకం పెట్టినా ఆ సంతకం చెల్లదు.

నేను తలెత్తి చూశాను. ఆవిడ నా వైపు చూడటం లేదు. కిటికీలోంచి ఎదురుగా ఉన్న ఖాళీ ఇంటి వైపు చూస్తున్నారు.

"నేను ఆ రోజు అరవడానికి బదులు ఈ కాగితం తెచ్చి ఉంటే ఆవిడ ఇక్కడే ఉండేది" అన్నారు.

ఆ శనివారం బీపీ చూడటం మానేసి, నన్ను మోడెస్టోకి తీసుకెళ్ళమన్నారు. జంతికలు చేసి డబ్బాలో పెట్టుకున్నారు. డోరతీకి కారం పడదని వాము మాత్రమే వేశారట. మేనకోడలి ఇంట్లో కారు పెట్టుకునే గదికి ఒక తలుపు, ఒక కిటికీ పెట్టి డోరతీకి ఇచ్చారు. మంచం పక్కనే బట్టలుతికే మిషను తిరుగుతోంది.

ఆంటీ కూర్చోలేదు. నిలబడే, "నిన్ను పిరికిదానివన్నాను. తప్పు నాది" అన్నారు.

"నేను పిరికిదాన్నే. కొత్తగా ఇప్పుడేం కాలేదు" అంది డోరతీ. "నీ పరదా కదలడం చూశాను. వస్తావేమోనని వ్యాను బయలుదేరనివ్వకుండా మా మేనకోడల్ని కాసేపు ఆపాను."

ఆంటీ అప్పుడు కూర్చుండిపోయారు. నేను మిషను చప్పుడు వింటూ తలుపు దగ్గరే ఉన్నాను. కాసేపటికి డోరతీ గోడ గడియారం వంక చూసి, "మూడయింది. ఇక్కడ టీ బాగుండదు, ముందే చెబుతున్నా" అంది. టీ తాగాక ఆంటీ ఆర్డినెన్స్ తీసి ఆ పేరా చదివి వినిపించారు. డోరతీ చేత సిటీకి ఒక ఉత్తరం రాయించారు. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎవరు వచ్చి ఏం చెబితే సంతకం పెట్టిందో అన్నీ. "రాసిపెట్టుకో. రేపు నీ మాట కంటే నీ కాగితాన్నే నమ్ముతారు" అన్నది ఆవిడ తరచూ చెప్పే మాట. ఆ రోజు ఇంగ్లీషులో చెప్పడం మొదటిసారి విన్నాను.

తిరుగు ప్రయాణంలో, కొండల మీద గాలిమరలు కనిపించేచోట, ఇక నేను ఆగలేకపోయాను.

"ఆంటీ, నేను గూడ పెట్టిన" అన్నాను.

"ఏంటి?"

"సంతకం. డోరతీ పెట్టిన తెల్లారి."

ఆవిడ తల తిప్పి నా వంక చూశారు. నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"మరి నన్ను సిటీ హాల్‌కీ మోడెస్టోకీ తిప్పావేంటమ్మాయ్?"

"అందుకే తిప్పిన" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"ముందు కారు పక్కకి ఆపు" అన్నారు. ఆపాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఓదార్చడానికని అనుకున్నాను, కానీ వేళ్ళు నాడి మీద ఉన్నాయి. లోపలికి తిప్పిన గడియారం వంక చూస్తూ లెక్కపెడుతున్నారు. కాసేపయ్యాక, "భయపడుతున్నప్పుడు తీసిన బీపీ నేను ఎప్పుడూ రాసుకోను. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ తీస్తాను. సంతకమూ అంతే. ఇంటికెళ్ళి ఆ కాగితం ఇలా పట్టుకురా, డోరతీ ఉత్తరంతో కలిపి పంపుదాం" అన్నారు.

డోరతీ విషయంలో ఆవిడ నేర్చుకున్నది నాకు అలా పనికొచ్చింది. ఈ మాట ఆవిడ బతికుండగా ఆవిడకి చెప్పలేదు.

ఎండాకాలం చివర్లో రిపోర్ట్ వచ్చింది. యజమాని పెట్టుకున్న కన్సల్టెంట్ తయారుచేసిన లావుపాటి పుస్తకం. చుట్టుపక్కల పార్కుల్లో ఖాళీలున్నాయి, అక్కడికి ఇళ్ళు మార్చుకోవచ్చు అని ఒక పెద్ద పట్టిక వేశారు. ఆంటీ ఆ పట్టికలో ఉన్న ప్రతి పార్క్‌కీ ఫోన్ చేశారు. వారం పట్టింది. స్పీకర్ పెట్టి ఆవిడ అడిగితే పక్కన కూర్చుని నేను వినేదాన్ని. కొన్నిచోట్ల చోటే లేదు. చోటున్న వాళ్ళు ఇంటి వయసు అడిగి, అంత పాత ఇళ్ళు మేం తీసుకోమని పెట్టేసేవారు. తేదీ, టైము, మాట్లాడిన మనిషి పేరు, అన్న మాట అన్నట్టుగా, బీపీల నోట్‌బుక్‌లోనే రాసుకున్నారు.

విచారణ సాయంత్రం. ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు మాత్రమే. మాలో కొందరు ఏడ్చారు, కొందరు కోప్పడ్డారు. మా ఆయన కాగితం చూసి చదివాడు. పేరు బయటికి వస్తుందని భయపడిన మేం ఆ రోజు మైకులో పేర్లు చెప్పి మాట్లాడాం. ఆంటీ వంతు వచ్చింది. తెల్ల చీర కట్టుకున్నారు, బూట్లు మాత్రం అవే. మైకు కిందికి వంచుకుని నోట్‌బుక్ తెరిచి, ఏ ముందుమాటా లేకుండా చదవడం మొదలుపెట్టారు.

"సోమవారం, పది గంటల ఇరవై నిమిషాలు. రిపోర్ట్‌లో మొదటి పార్క్. ఖాళీ లేదు. పదిన్నర. రెండో పార్క్. ఖాళీ ఉంది, నా ఇంటి వయసు చెప్పాను, వద్దన్నారు."

అలా చదువుతూనే ఉన్నారు. పట్టికలో సగం కూడా అవకముందే, మూడు నిమిషాలూ అయిపోయాయని ఎర్ర లైటు వెలిగింది. ఆవిడ మాట మధ్యలోనే ఆగి, నోట్‌బుక్ మూసి, దణ్ణం పెట్టి పక్కకి జరిగారు. తర్వాతి వంతు వియత్నాం తాతగారిది. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. మైకు దగ్గరకి వచ్చి, "నా టైమ్, ఆమెకి" అన్నాడు. మేయరు పక్కనున్న లాయరు వైపు చూసింది. లాయరు తల ఊపాడు. ఆంటీ మళ్ళీ వెళ్ళి ఆగిన చోటు నుంచి చదివారు. మళ్ళీ ఎర్ర లైటు. ఈసారి వెనక వరుసలో లేచింది డోరతీ. మేనకోడలు తీసుకొచ్చిందట, వస్తున్నట్టు ఆంటీకి కూడా చెప్పలేదు. "నేను కూడా ఇస్తున్నాను. నోటీసు వచ్చిన రోజున నేను ఇక్కడే ఉన్నాను కాబట్టి నాకూ మూడు నిమిషాలు ఉండాలి" అంది.

పట్టిక చివరి వరకూ చదివాక ఆంటీ కళ్ళజోడు తీశారు. "మీరు రాసిన చట్టం చాలా మంచిది. నేను నాలుగుసార్లు చదివాను. ఈ రిపోర్ట్ రాసినవాళ్ళు కూడా ఒక్కసారి చదివితే బాగుంటుంది" అన్నారు. హాల్లో ఎవరో పెద్దగా నవ్వారు. కౌన్సిల్ సభ్యుల్లో ఒకాయన నవ్వలేదు. రిపోర్ట్ తెరిచి ఆ పట్టికనే చూస్తున్నాడు.

ఆ రాత్రి కౌన్సిల్ రిపోర్ట్‌ని తిప్పి పంపింది. మళ్ళీ రాయించారు, మళ్ళీ విచారణ జరిగింది. చివరికి పార్క్ మూసుకోవచ్చని అనుమతి వచ్చింది. మేం ఆపలేకపోయాం. నేల యజమానిది, ఆయన అమ్ముకుంటానంటే చట్టం కాదనలేదు. కానీ షరతులు పెట్టారు. కదపలేని ఇళ్ళకి, పార్క్ మూతపడకుండా ఉంటే ఎంత పలికేవో అంత విలువ కట్టి ఇవ్వాలి. కదపగలిగిన వాటిని యజమాని ఖర్చుతోనే మార్చాలి. ముసలివాళ్ళకీ జబ్బుమనుషులకీ కొత్తచోట అద్దెలో కొంతకాలం సాయం చెయ్యాలి. ముందే సంతకాలు పెట్టినవాళ్ళు, పెట్టి వెళ్ళిపోయినవాళ్ళు కూడా లెక్కలో ఉంటారు.

బయట పార్కింగ్ లాట్‌లో అందరూ ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకుంటున్నారు. నేను ఆంటీ దగ్గరకి పరిగెత్తి, "గెలిచినం ఆంటీ!" అన్నాను.

"గెలుపు కాదమ్మాయ్" అన్నారు. "పేషెంట్ దక్కలేదు. నొప్పి తెలియకుండా చూసుకున్నాం. అది కూడా నర్సు పనేలే."

మాకు వచ్చినదానికి మా దాచుకున్నది కలిపి ఒక చిన్న టౌన్‌హౌస్‌కి మొదటి వాయిదా కట్టుకోగలిగాం. డోరతీ ఆ బట్టల మిషను గది వదిలి, అదే ఊళ్ళో సొంతంగా ఒక చిన్న ఫ్లాట్ తీసుకుంది. ఆంటీకి శాంటా క్లారాలో పెద్దవాళ్ళ అపార్ట్‌మెంట్లలో మూడో అంతస్తులో ఒక గది దొరికింది. అక్కడ ఆవిడ సుఖంగా ఉన్నారని రాయలేను. లిఫ్ట్ అంటే పడేది కాదు. తలుపు తీస్తే మనుషులు కాకుండా కారిడార్ కనిపిస్తుందని విసుక్కునేవారు. ఒకసారి నేను వెళ్ళేసరికి బాల్కనీలో నిలబడి కింది నేల వైపు చూస్తున్నారు. "ఇల్లూ వాళ్ళదే, నేలా వాళ్ళదే. ఇప్పుడు ఏ గొడవా లేదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. రోజూ మూడింటికి డోరతీ ఫోన్ చేసేది. ఇద్దరూ ఫోన్లు చెవిన పెట్టుకుని, ఎవరి టీవీ వాళ్ళు చూస్తూ, అదే కార్యక్రమానికి అదే కీచులాట.

నేను ఇప్పుడు ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెట్టను. స్కూల్ వాళ్ళు ఇచ్చేవైనా, ఆసుపత్రి వాళ్ళు ఇచ్చేవైనా కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం చదువుతాను. వెనకున్న వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ అనుకుంటాను. ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఇదొక్కటే అంటే అన్యాయం అవుతుంది. తప్పు చేసిన మనిషి ముందు గొంతు ఎంతవరకు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో, తగ్గించడం ఆలస్యమైతే ఎంత దూరమైనా వెళ్ళి ఎలా చెప్పాలో, అది కూడా అక్కడే చూశాను. అది మాత్రం నాకు ఇంకా పూర్తిగా రాలేదు.

పార్క్ ఖాళీ అయిన ఆ ఆఖరి వారాల్లో కదపడానికి వీలైన ఇళ్ళు కొన్నే తేలాయి. వాటిలో వియత్నాం తాతగారిది ఒకటి. ఊరికి చాలా దూరంలో ఒక పార్క్ తీసుకుంటామంది. ఇంటిని నిలువునా రెండు ముక్కలుగా విడదీశారు. తెరిచి ఉన్న వైపు ప్లాస్టిక్ పట్టా కప్పి మొదటి సగాన్ని లారీకి తగిలించారు. పట్టా లోంచి లోపలి వంటింటి నీలం గోడ మసకగా కనిపిస్తోంది. లారీ మెల్లగా కదిలి గేటు దాకా వచ్చి ఆగిపోయింది. బయట ఆఫీసుల వేళ, పెద్దరోడ్డు మీద కార్లు ఎడతెగకుండా పోతున్నాయి. ఇల్లు ఆ మలుపు తిరగాలంటే రోడ్డంతా కావాలి. డ్రైవరు ఎంతసేపు చూసినా సందు దొరకలేదు.

మేమందరం గేటు దగ్గర నిలబడి చూస్తున్నాం. మా మధ్య లోంచి ఆంటీ ముందుకి నడిచారు. నూలు చీర, స్వెట్టరు, తెల్ల బూట్లు. నేను పిలిచేలోపే రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడి కుడిచెయ్యి పైకెత్తారు. ముందు కారు కీచుమంటూ ఆగింది. దాని వెనక ఒకటి, దాని వెనక ఇంకొకటి. ఎవరో హారన్ కొట్టారు. ఆవిడ అటు తిరగలేదు. సగం ఇల్లు ఆవిడ పక్క నుంచి, అంగుళం అంగుళం తిరుగుతూ, పట్టా గాలికి టపటపలాడుతూ, రోడ్డెక్కింది. లారీ ముందు సీట్లో తాతగారు కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నాడు.

ఇల్లు మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. రోడ్డు ఖాళీ అయింది. కార్లన్నీ ఆవిడ కోసం ఆగి ఉన్నాయి. ఆవిడ ఇంకా చెయ్యి దించలేదు.